దండ వేసిన బొమ్మ

లక్సెట్టిపేట
6 అక్టోబర్ 2024

అక్కకు సంతోష్ రాసేది.

ఇక్కడ అందరం బాగున్నం. పక్షవాతం వచ్చిన బావ చెయ్యి కొంచెమైనా లేస్తున్నదా, రాయి. నిన్న వాన దంచింది, పత్తి తడిసింది. దుకాణంల మోటార్లు వైండింగుకు బాగనే వస్తున్నయి. ఇప్పుడే రోజు లెక్క రాసి పక్కకు పెట్టి, నీకు మొదలుపెట్టిన. ఫోన్ చేయరాదా అంటది నీ మరదలు జమున. నీ చెవి మిషన్ ఫోన్ దగ్గర పెడితే కూస్తది. నాకేమో హలో అన్నంక మాట దొరకది. మనిద్దరికి ఉత్తరమే నయం.

సద్దుల బతుకమ్మ దగ్గరికొచ్చింది గని కన్నతల్లి పోయిన ఏడు, మనకు పండుగ లేదు కదా. వాకిలి బోసిగ ఉన్నది. అవ్వ ఉంటే ఈపాటికి గల్లీ ఆడపిల్లలను కూసోబెట్టి, తంగేడు పక్కన ఏ రంగు పూవు పెడితే తంగేడు ఇంకింత పచ్చగ కనపడుతదో చెప్తుండేది.

అసలు సంగతి. కరీంనగర్ బాలికల బడిల అవ్వ దగ్గర చదువుకున్నోళ్ళు కలిసి నవంబర్ 24 నాడు అక్కడ సంస్మరణ సభ పెడుతున్నరు. నర్మద టీచర్ ముందర నిలబడి చేస్తున్నది. ఆమె అవ్వ శిష్యురాలు, తనూ డ్రాయింగ్ టీచర్‌గ చేసి రిటైర్ అయ్యింది. మొన్న వచ్చి అవ్వ అర్రల బొమ్మలన్నీ చూసింది. పొద్దుగూకేదాకా కదలలే. "రంగులు కొనే శక్తి మాకు లేకుంటే టీచర్ మోదుగు పూలు, ఇటుక పొడి, నీలిమందు తెప్పించింది. ఏడాదంత బోర్లించిన బిందె తప్ప వేరేది గీయనియ్యలే. 'బిందె లోపల ఖాళీ ఉన్నదని చూసేటోనికి తెలవాలె. గప్పుడు మనిషిని గీద్దువు' అనేది" అని చెప్పుకుంట నవ్వింది, కండ్లు తుడుచుకున్నది.

ఫ్లెక్సీకి అవ్వ ఫొటో అడిగిన్రు. మన దగ్గర ఆధార్ ఫొటో ఒక్కటే సక్కగ ఉన్నది. అండ్ల అవ్వను పోలీసులు పట్టుకపోతున్నట్టు ఉంటది. పెండ్లిళ్ళ ఫొటోలల్ల అన్నిట్ల మొకం తిప్పుకున్నది. వెతుకంగ వెతుకంగ బీరువా ఎనుక, గోడ దిక్కు తిప్పి పెట్టిన బొమ్మ ఒకటి దొరికింది. అరవై ఏండ్ల మనిషి, తెల్లజుట్టు, తల జర పక్కకు వంచి చూస్తున్నది. అవ్వ తన బొమ్మ తనే గీసుకున్నట్టున్నది. అదే ఇచ్చిన.

నీ బొమ్మ ఉన్నదా అని కూడా నర్మద టీచర్ అడిగింది. బాపువి, నావి, ఇంట్ల పని చేసుకుంట అవ్వతోనే ముసలిదైన యాదవ్వవి, మన బర్రెవి ఉన్నయి గని అక్కది లేదు అని చెప్పిన.

సభకు నువ్వు రావాలె.

నీ తమ్ముడు
సంతోష్


ఆదిలాబాద్
15 అక్టోబర్ 2024

తమ్మీ,

నీ ఉత్తరం అందింది. బావ చెయ్యి అట్లనే ఉన్నది. మాట మాత్రం అప్పుడప్పుడు ఒకటి, రెండు వస్తున్నయి, అదీ ఛాయ్ చల్లారినప్పుడు.

బర్రె బొమ్మలు ఉన్నయి, అక్కది లేదు. ఊరోళ్ళకు ఈ మాట చెప్పకుంటే నీకు అన్నం అరగదా? అడిగినదానికి జవాబు చెప్పిన అంటవు. చిన్నప్పటి నుంచి నీ నోట్ల అబద్ధం లేదు, దయ కూడా లేదు. ఆ బర్రె అవ్వ ముందర నిలబడి నెమరేసింది, దాని పుణ్యం దానికి.

ఒకసారి నేనే అడిగిన, నీకు తెల్వది. నా పెండ్లికి ముందు, పసుపు దంచుతున్నరు. "అవ్వా, అందరిని గీస్తవు, నన్ను ఎందుకు గీయవు?" అన్న. అవ్వ నవ్వింది. "గీసుడు అయిందంటే చూసుడు అయినట్టే బిడ్డా" అన్నది. మాట తప్పించుడు అవ్వకు బాగ వచ్చు అని ఊకున్న. తర్వాత ఆదిలాబాద్ వచ్చిన. ఇంక అడగలే.

అవ్వ అందరిని ఎట్ల చూసేదో యాదికి ఉన్నదా? చుట్టాలు అన్నం తింటుంటే ఎదురుంగ కూసోని రెప్ప కొట్టకుండ చూసేది. వాళ్ళు ముద్ద మింగలేక మింగలేక లేచేటోళ్ళు. తాత సంగతి నువ్వు పుట్టకముందుది. "దొరల ఇంటి కోడలు బడిల సుద్దముక్క పట్టుడేంది" అని అవ్వ చేతి అన్నం తిననని పంతం పట్టిండు. అవ్వ ఏమనలే. ఖానాపూర్‌ల తన తండ్రి ఎంబడి పోయి, నిర్మల్ బొమ్మలు చేసేటోళ్ళ ఇంట్ల కూసోని నేర్చుకున్న చెయ్యి గదా. అలిగిన తాత మొకం, ఉబ్బిన బుగ్గలతోని, సిమెంటు సంచి కాయితం మీద గీసి కంచం పక్కన పెట్టి బడికి పోయింది. తాత చూసి, నవ్వాపుకోలేక, తినేసిండు. తెల్లారి సైకిల్ మీద జీతగాన్ని ఊరి బడికి పంపి అవ్వకు గొడుగు ఇప్పించిండు.

ఇంకోటి. అవ్వ తన బొమ్మ తను గీసుకునే మనిషి కాదు. నువ్వు సరిగ చూసినవా? అయినా నాకెందుకు, బొమ్మలు మీ ఇంట్ల ఉన్నయి, మీ బొమ్మలు మీరే చూసుకోండ్రి.

బావను ఇడిసి నేను రాలేను. నా బిడ్డ రచనకు తన పిల్లలతోనే సరిపోతున్నది.

మధులిక


లక్సెట్టిపేట
25 అక్టోబర్ 2024

అక్కకు సంతోష్ రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. బొమ్మలు నేను దాచుకున్ననని నీ మనసుల ఉన్నదని అర్థమైంది. నేను దాచుకోలే. అర్ర తాళం గూట్లనే ఉంటది. నీకు ఏది కావాల్నంటే అది తీసుకపో, అన్నీ కావాల్నంటే అన్నీ తీసుకపో. నాకు బొమ్మల సంగతి తెల్వది. పాత మోటార్లు ఇప్పి, మళ్ళ బిగించి నేర్చుకున్న పని ఒక్కటే తెలుసు. అవ్వ ఇంత మందికి నేర్పింది, నాకు గీత కూడ రాలే. "నీకు తీగలు వస్తయి కొడుకా, తీగ కూడ గీతనే" అనేది. అది కూడ మాట తప్పించుడేనేమో.

ఫ్లెక్సీ అయ్యింది. బడి సందు మొగదలల కట్టిన్రు. సభ రోజు తీసి హాల్‌ల పెడతరట. బొమ్మల లోపం ఒక్కటే ఉండె. ఎడమ కనుబొమ్మ నడుమ రంగు లేచిపోయి సన్నటి సందు పడ్డది. ఫ్లెక్సీ అతనికి చెప్పి కంప్యూటర్ల కలిపించిన. ఇప్పుడు చూసినోళ్ళకు తెల్వది. చామంతి దండ నేనే వేసిన. అగర్‌బత్తి ముట్టించిన. ఫొటో రచన ఫోన్‌కు పంపించిన, చూడు.

యాదవ్వ ఇక్కడ లేదు. మనుమరాలి కాన్పుకని అవ్వ దినాలు కాంగనే మంచిర్యాల పోయింది. ఆమె ఉంటే అవ్వ అర్ర ఇంకా సక్కగ సదిరేది.

కోపం ఉంచుకోకు.

సంతోష్


ఆదిలాబాద్
27 అక్టోబర్ 2024

తమ్మీ,

నీ ఉత్తరం ఇంక రాలే. రచన ఫోన్‌ల ఫ్లెక్సీ మాత్రం చూసిన. పెద్దగ చేసి చేసి చూసిన.

నువ్వు అన్నది నిజమే. అవ్వనే. ఆ తల వంపు అవ్వదే. నేనే తప్పు రాసిన.

తెల్లజుట్టు ఒక్కొక్క ఎంట్రుక ఏరినట్టు గీసింది. గదుమ కింద నీడ ఎంత మెత్తగ ఉన్నదో చూసినవా? బాపు బొమ్మల కూడ ఇంత మెత్తదనం లేదు. అంతసేపు అద్దంల తనను తాను చూసుకున్నది. మంచిదే, ఎవలం చూసినం ఆమెను? అయితే ఎనబై ఆరేండ్ల బతుకుల, బర్రెకు దొరికిన తీరిక, యాదవ్వకు దొరికిన తీరిక, తనకు తను ఇచ్చుకున్న తీరిక, నాకు దొరకలే. నాకు అరవై నాలుగు వచ్చినయి, ఈ మాట రాస్తుంటే నాకే నవ్వొస్తున్నది. గని నవ్వు ఆగినంక ఏం మిగులుతుందో అదే రాస్తున్న.

సభకు రాను. నా పేరు మీద కుర్చీ పెట్టకు.

మధులిక


ఆదిలాబాద్
31 అక్టోబర్ 2024

సంతోష్,

నీ 25వ తారీఖు ఉత్తరం నిన్న వచ్చింది. నేను బొమ్మల కోసం అలిగిన అనుకున్నవా? సరే, అది ఇడిసిపెట్టు.

కనుబొమ్మకు సందు పడ్డదని రాసినవు. ఏ దిక్కు? బొమ్మలోని మనిషికి ఎడమనా, చూసేటోనికి ఎడమనా? సందు నడుమ ఉన్నదా, కొసకు ఉన్నదా? వేలు పెట్టి చూడు. రంగు లేచిపోతే కింది అట్ట కనపడుతది. లేకుంటే తోలు రంగు వేసి ఉంటది. ఏది ఉన్నది?

ఎందుకంటే, ఏడేండ్లప్పుడు నేను ఇసుర్రాయి మీద పడ్డ. ఎడమ కనుబొమ్మ నడుమ చీలింది. అక్కడ ఇప్పటికీ ఎంట్రుక మొలవది. నువ్వు అప్పుడు ఉయ్యాలల ఉన్నవు. చిన్నప్పుడు అవ్వ కాటుకతోని దిద్దేది, పెండ్లయినప్పటి నుంచి నేనే రోజు పొద్దున పెన్సిల్‌తోని దిద్దుకుంట. అవ్వకు, యాదవ్వకు, మీ బావకు తప్ప ఎవలకు తెల్వది. రచనకు కూడ తెల్వది.

ఫ్లెక్సీది వద్దు, అసలు బొమ్మ ఫొటో పంపించు. యాదవ్వను అడుగు. దుకాణం మూసేసి పో.

మధులిక


లక్సెట్టిపేట
6 నవంబర్ 2024

అక్కా,

ఎడమనే. నీ ఎడమనే. నడుమ ఉన్నది. రంగు లేచిపోలే, తోలు రంగు సన్నటి కుంచెతోని వేసి ఉన్నది. నేను మోటారుల తీగ తెగితే అర్ర అవతల నుంచి కనిపెడుత. ఇది కనిపెట్టలే.

నీ ఉత్తరం రాంగనే షట్టర్ దించి, బొమ్మను దుప్పట్ల చుట్టి, మంచిర్యాల బస్సెక్కిన. యాదవ్వ మనుమరాలి పిల్లకు నలుగు పెడుతున్నది. దుప్పటి ఇప్పి ముందర పెట్టిన. "యాదవ్వా, ఇది ఎవలు?" అన్న.

"ఎవలేంది? నీ అక్కను నువ్వు గుర్తు పట్టవా చిన్నదొరా?"

"అవ్వ అనుకున్న."

"అవ్వనా! తీగలు చూసి చూసి కండ్లు కాలినయా నీకు? గా కనుబొమ్మ చూడు. గది చీలిన్నాడు నేను పసుపు అద్దిన, దొరసాని ఒళ్ళె పట్టుకున్నది. పిల్ల ఏడ్వలే, దొరసాని ఏడ్చింది."

అంత అయినంక నెమ్మదిగ చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తున్న, నా మాట కలపలే.

కరోనా ఏడు బస్సులు బందైనయి కదా. నువ్వు రాలేకపోయినవు, బొమ్మకు కూసునెటందుకు కూడ ఇంటికి ఎవలు రాలే. ఒకనాడు అవ్వ కిటికీ దగ్గర అట్ట పెట్టుకోని, "కండ్లల్ల మబ్బు దిగుతున్నది యాదీ. ఇగ చూసుడు నాతోని అయ్యేటట్టు లేదు. మధులికను గీసేస్త" అన్నదట. యాదవ్వ "బిడ్డ ఎదురుంగ లేదు గదమ్మా, ఎట్ల గీస్తవు?" అంటే, "అరవై ఏండ్ల సంది చూస్తున్న, ఇంక ఎదురుంగ ఎందుకు?" అన్నదట. తర్వాత "దాని జుట్టు ఇప్పుడు ఎట్లుంటది?" అని అడిగిందట. "నల్లగనే ఉంటది, మొన్న వచ్చినప్పుడు చూడలే?" అని యాదవ్వ. "గది రంగే. రంగు సంగతి నాకు చెప్తున్నవా? కింద ఎట్లుంటది?" అని అవ్వ. ఇద్దరు కలిసి ఆలోచించి తెల్లగ చేసిన్రట.

ఆరేదాక గోడకు తిప్పిపెట్టమన్నదట. మధులిక వచ్చిన్నాడు తిప్పుదాం అన్నదట. అంతల కండ్లు పోయినయి, ఆ ఎనుకనే జ్ఞాపకం కూడ పోయింది. "నువ్వు నన్ను ఎప్పుడన్న అడిగినవా?" అని యాదవ్వ నన్నే తిట్టింది. నిజమే, అడగలే. ఫొటో వెతికిన నాడు ఆమె మంచిర్యాలల, నేను ఇక్కడ.

ఇంటికొచ్చి చెప్తే జమున చేట కింద పడేసింది. "బతికున్న ఆడిబిడ్డకు దండేసి అగర్‌బత్తి ముట్టించినవా! నీ నోట్ల మన్ను వడ!" అని, తెల్లారకముందే నన్ను కరీంనగర్‌కు ఎల్లగొట్టింది. స్టూలెక్కి దండ తీస్తుంటే ఎదురుంగ ఛాయ్ బండి అతను, "ఏమైంది సార్, దండ ఎందుకు తీస్తుండ్రు? మీ అమ్మగారేనా?" అన్నడు. "మా అక్క. ఆదిలాబాద్‌ల ఉన్నది" అన్న. అతను కొద్దిసేపు ఫ్లెక్సీ దిక్కు, కొద్దిసేపు నా దిక్కు చూసి, ఛాయ్ తెచ్చి ఇచ్చిండు. పైసలు తీసుకోలే.

యాదవ్వ మాత్రం, బతికున్నోళ్ళకు దండేస్తే ఆయుష్షు పెరుగుతదని అన్నది. ఆమెకు తోచిందో, నిజంగ ఉన్న మాటనో తెల్వది. నువ్వు ఫికర్ చేయకు.

నర్మద టీచర్‌కు చెప్పిన. ఆమె ఫోన్‌ల ఏడ్చింది, తర్వాత నవ్వింది. అవ్వ బొమ్మ ఆధార్ ఫొటో చూసుకుంట తనే పెన్సిల్‌తోని గీస్తనన్నది. "పోలీసులను తీసేసి టీచర్‌ను ఉంచుత" అన్నది. నీ బొమ్మ హాల్‌ల నడుమ పెడతరట, కనుబొమ్మ ఎట్లున్నదో అట్లనే.

అక్కా, కుర్చీ పెట్టాల్నా?

సంతోష్


ఆదిలాబాద్
12 నవంబర్ 2024

తమ్మీ,

నీ ఉత్తరం చదివి నేను నవ్విన సప్పుడుకు రచన వంటింట్ల నుంచి ఉరికొచ్చింది, ఏడుస్తున్న అనుకున్నది. రెండూ అవుతుండె. ఏది ముందుగాల వచ్చిందో చెప్పలేను.

నిన్ను మస్తు తిట్టాలనుకున్న, స్టూల్ మీద నువ్వు నిలబడ్డది కండ్ల ముందర కనపడి తిట్టు రాలే. నా మీద అగర్‌బత్తి ముట్టించినోనివి నువ్వే, నా కనుబొమ్మ సంగతి దాచకుండ రాసినోనివీ నువ్వే. ఇంకొకడైతే లోపం సరిచేసి ఊకుంటుండె. అవ్వ నీకు ఆ ఒక్క గీత బాగనే నేర్పింది.

నలబై నాలుగేండ్లు, "చూసుడు అయినట్టే" అన్న మాటను తప్పించుకునే మాట అనుకున్న. ఆమె ఉన్నది ఉన్నట్టే చెప్పిందట. ఇంతకంటె ఎక్కువ రాయను, అక్షరాలు కారుతున్నయి.

రచన ఆ రోజు బావ దగ్గర ఉంటనన్నది. నేను పొద్దుటి బస్సెక్కి వస్త. కుర్చీ పెట్టు, వెనుకకు ఆనుకునేది ఉండాలె, నా నడుము బాగలేదు.

అక్క


ఆదిలాబాద్
29 నవంబర్ 2024

తమ్మీ,

మంచిగ చేరుకున్న. నువ్వు ఆ రోజు వంటోళ్ళ దగ్గర, నీళ్ళ క్యాన్ల దగ్గరనే ఉన్నవు. హాల్‌ల ఏం జరిగిందో నువ్వు చూడలే. అందుకే రాస్తున్న.

ఆ రోజు పెన్సిల్ ముట్టలే. రాంగనే మొదటి వరసల ఒక పెద్దామె నన్ను చూసి లేచి నిలబడి, రెండు చేతులు కట్టుకున్నది, బడిపిల్ల లెక్క. ఆమె నర్మద. బొమ్మను చూసింది, నన్ను చూసింది, "జుట్టొక్కటే తేడా" అన్నది. పెదవులు చూసి అర్థం చేసుకున్న. చెవి మిషన్ ఆ రోజు పొద్దున్నే మొరాయించింది. సభంతా నాకు ఒక్క మాట వినపడలే.

వినపడకపోతే ఏం చేస్తం? చూసుకుంట కూసున్న. ఒక్కొక్కరు మైకు దగ్గరికి వచ్చి చెప్తున్నరు, నవ్వుతున్నరు, ముక్కు తుడుచుకుంటున్నరు. ఒకామె మాట్లాడుకుంట చెయ్యి గాల్లో తిప్పింది. బోర్లించిన బిందెనే, చెప్పకముందే తెలిసింది. ఇంకొకామె చీర కుచ్చిళ్ళకు రంగు మరక ఉన్నది, పాతది, ఉతికినా పోనిది. అరవై ఏండ్ల ఆడోళ్ళు ఇంతమంది ఒక్కసారి చిన్నపిల్లలైతే ఎట్లుంటదో నేను అప్పుడే చూసిన. అన్నాలప్పుడు నర్మద నా విస్తరి ముందర ఒక కాయితం పెట్టింది. "రెప్ప కొట్టండి అమ్మా, మాకు ముద్ద దిగుతలేదు" అని రాసి ఉన్నది. నేను నవ్వితే పంక్తి మొత్తం నవ్వింది.

అవ్వ పెన్సిల్ బొమ్మ బాగ కుదిరింది. దానికి దండ వేసింది నేనే. ఈసారి సరైన మొకానికే వేసినమని జమునకు చెప్పు.

నా బొమ్మను ఒళ్ళె పెట్టుకోని బస్సుల కూసున్న. ఇంద్రవెల్లి దగ్గర పక్క సీటామె దుప్పటి కొస ఎత్తి చూసి, "మీ అమ్మనా?" అన్నట్టు సైగ చేసింది. "కాదు, నేనే" అన్న. ఆమె మెల్లగ జరిగి కిటికీ దిక్కు కూసున్నది.

ఇంట్ల గోడకు మేకు కొట్టించిన, బావ మంచానికి ఎదురుంగ. ఆయనకు ఏం చెప్పలే, ఫ్లెక్సీ సంగతి కూడ చెప్పలే. పొద్దున లేచేసరికి కనపడింది. చాలాసేపు దాన్నే చూసిండు. ఛాయ్ తీసుకోని పోతే, నాలిక మడత పడుకుంట, ఒక్కొక్క మాట ఏరుకుంట, ఏడాదిల ఎన్నడు మాట్లాడనంత మాట్లాడిండు. బాగు చేయించిన మిషన్ పెట్టుకోని, చెవి ఆయన నోటి దగ్గర పెట్టి విన్న.

"ఒక్కదాని తిట్లకే... చెవులు పోయినయి. రెండోదాన్ని... ఎందుకు తెచ్చినవు?"

తెల్లజుట్టుతోని నన్ను ఆయన ఎన్నడు చూడలే, సంతోష్. ఎవలని అడగనే లేదు. ఛాయ్ కింద పెట్టి నేను గోడకు ఆనుకోని నవ్విన. ఆయన చల్లారుతున్నదని గ్లాసు దిక్కు వేలు చూపెట్టిండు.

అక్క మధులిక